మేకపిల్లకు ముర్రుపాలు వెంటనే ఎందుకు పట్టాలి?

మనిషి బిడ్డకు కడుపులో ఉండగానే తల్లి నుంచి మాయ ద్వారా కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. మేక మాయ ప్రతిరక్షకాలను దాటనివ్వదు. అందుకే మేకపిల్ల దాదాపు ఏ రక్షణా లేకుండా పుడుతుంది. ఆ లోటు తీర్చేవి చిక్కగా, పసుపుపచ్చగా ఉండే ముర్రుపాలే. పుట్టిన కొత్తలో పిల్ల పేగు గోడలు పాలలోని ప్రతిరక్షకాలను అరగనివ్వకుండా నేరుగా రక్తంలోకి పోనిస్తాయి. గంటలు గడిచేకొద్దీ ఆ దారి మూసుకుపోతూ, సుమారు 24 గంటలకు పూర్తిగా మూతపడుతుంది. ఆ తర్వాత ఎన్ని పాలు పట్టినా ఆకలి తీరుతుందే తప్ప ఆ రక్షణ రాదు.

మాయ పడ్డాకే పాలు పట్టాలని, లేకుంటే పిల్ల పారుకుంటుందని కొందరు పెద్దలంటారు. పారుడు భయం నిజమైనదే. కానీ దానికి కారణాలు మురికి పొదుగు, తడి పాక, ఒక్కసారే ఎక్కువ తాగించడం. పైగా పిల్ల చీకుతుంటే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది. మాయ పడడానికీ అది సాయమే. కాబట్టి పొదుగు కడిగి, మొదటి ధారలు నేలకు పిండేసి, గంటలోపే పట్టించండి. రెండు కిలోల పిల్లకు తొలిరోజు 200 మిల్లీలీటర్లు, నాలుగైదు విడతలుగా చాలు. కవలలుంటే బలహీనంగా ఉన్నదానికే ముందు పట్టండి.