పిల్లల మనోవ్యాధియు, మెదడు చిత్రములును

మన కొంతం చౌక్ ప్రాంతమున బిడ్డకు జ్వరము వచ్చినచో సాంచె పని ఆపియైనను వైద్యునికి చూపుదురు. మనస్సు చెడిన బిడ్డ విషయమున మాత్రము గాలి సోకినదనియో, పొగరెక్కినదనియో కాలము గడపుట కలదు. అట్టి వ్యాధులలో ఒకటి బైపోలార్ డిజార్డర్. తెలుగున దీనిని ద్విధ్రువ మనోవ్యాధి యనవచ్చును.

ఈ వ్యాధియందు రెండు అవస్థలు కలవు. ఒకటి ఉద్రేకము: నిద్ర తగ్గినను అలసట యుండదు, మాటలు వరదవలె పారును, తనంతవాడు లేడను భావము కలుగును. రెండవది క్రుంగుబాటు: ఆటపై, చదువుపై, అన్నముపై ఆసక్తి నశించును, ఒక్కొక్కప్పుడు చావవలెనను తలంపు గూడ పుట్టును. అల్లరి బాలుని స్వభావము. ఇది స్వభావమునకే వచ్చిన మార్పు, దినముల తరబడి నిలుచును.

వ్యాధిగ్రస్తుల మెదడునందు ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటకు ఎం.ఆర్.ఐ. యంత్రము సాధనమైనది. ఇందు ఎక్సురే కిరణములు లేవు. బలమైన అయస్కాంతము సహాయమున, శరీరమందలి నీటిలోని హైడ్రోజను పరమాణువుల సంకేతములను గ్రహించి యంత్రము చిత్రము గీయును. రక్తమందలి ప్రాణవాయువు మార్పులనుబట్టి మెదడున ఏ భాగము పనిచేయుచున్నదో కనుగొనవచ్చునని 1990లో సేజీ ఒగావా అను జపాను శాస్త్రజ్ఞుడు చూపెను.

మెదడు లోపల బాదంపప్పు ఆకారమున అమిగ్డాలా అను భాగము కలదు. భయము, కోపము మొదలగు ఉద్వేగములకు ఇది ముఖ్యస్థానము. నుదుటి వెనుకనున్న భాగము దీనిని అదుపులో నుంచును. చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున మణి పావులూరి యను తెలుగు ఇంటిపేరు గల వైద్యురాలును, సహచరులును పిల్లలకు కోపపు ముఖముల చిత్రములు చూపి పరీక్షించిరి. వ్యాధిగల పిల్లలలో అమిగ్డాలా హెచ్చుగా చలించుటయు, నుదుటి భాగపు పట్టు సడలుటయు వారికి కనబడెను. కౌమారమందలి రోగులకు అమిగ్డాలా సగటున కొంత చిన్నదని ఇతర పరిశోధనలందు తేలినది.

ఇచ్చట సగటు అను మాటను గమనింపవలెను. తొమ్మిదవ తరగతి బాలుర సగటు ఎత్తు ఎనిమిదవ తరగతివారికంటె ఎక్కువ. అంతమాత్రమున ఎత్తు కొలిచి ఒక బాలుని తరగతి చెప్పగలమా? అటులనే ఒక బిడ్డ మెదడు చిత్రమును చూచి ఈ వ్యాధి కలదనిగాని లేదనిగాని నిర్ణయింపజాలరు. మెదడున గడ్డ మొదలగు ఇతర కారణములు కలవేమో చూచుటకు వైద్యుడు చిత్రము తీయింపవచ్చును. ద్విధ్రువ వ్యాధిని మాత్రము బిడ్డ నడవడిని, ఇంటివారు చెప్పు వృత్తాంతమును విచారించియే నిర్ణయింతురు. స్కానింగుతోనే ఈ వ్యాధిని తేల్చెదమని ఎవరైన సొమ్ము కోరినచో నమ్మరాదు.

పరిశోధనకును హద్దులు కలవు. లిథియము అను లవణము ఈ వ్యాధికి పనిచేయునని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించెను. అది మంచి మందే. కాని మోతాదు మించిన విషమగును గనుక తరచు రక్తపరీక్ష అవసరము. పై విశ్వవిద్యాలయమున పిల్లలపై లిథియము ప్రభావమును మెదడు చిత్రములతో పరిశీలించుటకు 2009లో ఆరంభించిన అధ్యయనము 2013లో నిలిచిపోయెను. నిబంధనలకు సరిపడని పిల్లలను చేర్చుకొనిరనియు, తల్లిదండ్రులకు ముప్పును సరిగా తెలుపలేదనియు అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ తప్పుపట్టి 2017లో సొమ్ము తిరిగి అడిగెను. విశ్వవిద్యాలయము 31 లక్షల డాలర్లు చెల్లించినది. విద్యావంతుల దేశముననే ఇట్లు జరిగినప్పుడు, మనము ఏ కాగితముపైనను చదివింపించుకొని, ప్రశ్నించి, అర్థమైన పిదపనే సంతకము చేయవలెను. వలదనుటకు మనకు హక్కు కలదు.

బిడ్డ నిద్రను, మాటను, భోజనమును గమనింపుడు. మార్పు కనబడినచో ఉపాధ్యాయులకు తెలిపి మానసిక వైద్యుని దర్శింపుడు. 2022లో ఆరంభమైన టెలీ మానస్ 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును. వైద్యుడు చెప్పక మందు మాన్పరాదు. ఇది తల్లి పెంపకపు దోషము కాదు, వంశమునకు కళంకమును కాదు. మధుమేహమువలె దీర్ఘకాలము చికిత్స కోరు వ్యాధి. తగిన చికిత్సతో చదువు సాగించి జీవితమున స్థిరపడినవారు అనేకులు కలరు. కనుక ఇట్టి బిడ్డను బడి మాన్పింపక, దాచక, మాతో మనసు విప్పి చెప్పవలసినదిగా తల్లిదండ్రులను కోరుచున్నాను.