ఎం.ఎస్. వ్యాధిగ్రస్తులకు ఆహారం: మందుకు తోడే గాని మందుకు బదులు కాదు

శాంతిపురం (చిత్తూరు జిల్లా): మూడు రాష్ట్రాల సరిహద్దుల సమీపంలో గల శాంతిపురం మొదలుకొని కుప్పం, పుంగనూరు, మదనపల్లె వరకు విస్తరించిన మెట్ట ప్రాంతంలో రాగి సంగటి తరతరాలుగా ప్రధానాహారంగా ఉన్నది. ఉలవచారు, అనపగింజల పులుసు, వేరుశనగ చట్నీ, ఆకుకూరలు, మజ్జిగ దీనికి తోడు. ఇటువంటి కుటుంబంలో ఒకరికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నరాల వ్యాధి నిర్ధారణ అయినప్పుడు ఇంటిల్లిపాదికీ కలిగే మొదటి సందేహం: ఇకపై ఏమి తినాలి, ఏమి మానాలి?

క్లుప్తంగా ఎం.ఎస్. అని పిలువబడుతున్న ఈ వ్యాధి మన ప్రాంతంలో విరివిగా కనిపించేది కాదు. అందువల్లనే దానిని గురించిన సరైన సమాచారం కూడా అరుదు. ఆ లోటును అవకాశంగా తీసుకొని ఫలానా పథ్యంతో వ్యాధి పూర్తిగా నయమగునని చెప్పేవారు బయలుదేరుతున్నారు. ఆ మాటలు నమ్మి మందులు మానివేసినచో కలిగే నష్టం తిరిగి పూడ్చుకోలేనిది. ఈ దృష్ట్యా ఆహారం విషయంలో నిరూపితమైనదేది, కానిదేది అన్న వివరాలు పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఉపయోగపడగలవు.

వ్యాధి స్వభావం

విద్యుత్తు తీగపై తొడుగు ఉన్నట్లే నరాల తంతువులపై మైలిన్ అను రక్షణ పొర ఉంటుంది. శరీర రక్షణ వ్యవస్థ పొరబడి మెదడు, వెన్నుపాము, కంటి నరాలలోని ఈ పొరపై దాడి చేయుటయే ఎం.ఎస్. ఫ్రెంచి వైద్యుడు జ్యాఁ మార్తాఁ షార్కో 1868లో దీనిని ప్రత్యేక వ్యాధిగా వివరించారు. చూపు మసకబారుట, తిమ్మిర్లు, కాళ్ళలో బలహీనత, నడకలో తూలుట, మూత్రం ఆపుకోలేకపోవుట, విపరీతమైన అలసట ప్రధాన లక్షణాలు. సాధారణంగా 20 నుండి 40 ఏళ్ళ మధ్య వయసులో బయటపడుతుంది. పురుషుల కన్న స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు. తినకూడనిది తిన్నందువల్ల వచ్చిన వ్యాధి అసలే కాదు. కావున రోగినిగాని, వంట చేసిన ఇల్లాలినిగాని నిందించుటకు తావు లేదు.

బి-12 విటమిన్ లోపం వల్ల కూడా తిమ్మిర్లు, నడకలో తూలుట వంటి లక్షణాలు కలుగుతాయి. మాంసాహారం తీసుకోనివారిలో ఈ లోపం ఎక్కువ. ఒక సాధారణ రక్తపరీక్షతో దీనిని గుర్తించవచ్చు. కనుక ఎం.ఎస్. అని అనుమానించినప్పుడు వైద్యులు ఈ పరీక్ష కూడా చేయిస్తారు. భారతదేశంలో దీనిని పోలిన న్యూరోమైలైటిస్ ఆప్టికా అను మరొక వ్యాధి కూడా కనిపిస్తున్నది. రెండింటికీ చికిత్స వేరు కాబట్టి నరాల వైద్య నిపుణుల ద్వారా నిర్ధారణ చేయించుకొనుట తప్పనిసరి.

పథ్యాలు, వాటి వెనుక గల పరిశోధనలు

ఎం.ఎస్.కు ఆహార నియమాలు సూచించినవారిలో మొదట పేర్కొనదగినవారు డాక్టర్ రాయ్ స్వాంక్. సంతృప్త కొవ్వును రోజుకు 20 గ్రాములకు మించకుండా తీసుకున్న రోగుల పరిస్థితి మెరుగ్గా ఉన్నదని, 144 మందిని 34 సంవత్సరాల పాటు గమనించి, 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. అయితే నియమం పాటించినవారిని, పాటించనివారిని ముందుగా లాటరీ పద్ధతిలో విడదీసి పోల్చలేదు. ఆరోగ్యం మెరుగ్గా ఉన్నవారే నియమాన్ని చివరివరకు పాటించగలిగి ఉండవచ్చును. అందువల్ల ఆ ఫలితాన్ని రుజువుగా స్వీకరించలేకపోయారు.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ టెరీ వాల్స్ స్వయంగా ఎం.ఎస్. ఉన్న వైద్యురాలు. ధాన్యాలు, పప్పులు, పాల పదార్థాలు మాని కూరగాయలు, మాంసం అధికంగా తీసుకొనే పథ్యాన్ని ఆమె ప్రచారంలోకి తెచ్చారు. స్వాంక్, వాల్స్ పథ్యాలను పోల్చిన అధ్యయనం 2021లో వెలువడింది. రెండు వర్గాలలోనూ అలసట తగ్గినట్లు అందులో తేలింది. ఒకదానికొకటి విరుద్ధమైన రెండు పథ్యాలు ఒకే మేలు చేసినప్పుడు ఆ మేలు ఏ ఒక్క పదార్థాన్ని మానినందువల్లనో కలిగినదని చెప్పుట కష్టం. నూనె వంటకాలు, తీపి పదార్థాలు, ప్యాకెట్ తినుబండారాలు తగ్గించి కూరగాయలు పెంచుట రెండింటిలోనూ సమానమైన అంశం.

చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వుపై నార్వేలో జరిగి 2012లో ప్రకటితమైన ప్రయోగంలో వ్యాధి తీవ్రత తగ్గినట్లు కనబడలేదు. అధిక మోతాదు బయోటిన్ మాత్రలపై 2020లో వెలువడిన పెద్ద ప్రయోగం కూడా విఫలమైంది. పైగా బయోటిన్ కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుంది. ఆహార ప్రయోగాలన్నింటినీ 2020లో సమీక్షించిన కొక్రేన్ సంస్థ, ఏ పథ్యమైనా వ్యాధిని అదుపు చేయునని చెప్పుటకు తగిన ఆధారాలు లేవని తేల్చింది. సాధారణ ఆరోగ్యానికి మేలు చేయు ఆహారమే ఎం.ఎస్. వ్యాధిగ్రస్తులకూ మేలు చేయునని ఈ అనుభవాల సారాంశం.

ఎండ ఉన్నా డి విటమిన్ కొరత

ఎం.ఎస్. ఉన్నవారిలో డి విటమిన్ తక్కువగా ఉండుట అనేక దేశాలలో గమనించబడింది. ఎండ మెండుగా ఉన్న మన ప్రాంతంలో ఈ కొరత ఉండదని భావించుట పొరపాటు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు పరిసర పట్టణ, గ్రామీణ ప్రజలపై జరిపి 2007లో ప్రకటించిన అధ్యయనంలో ఆరోగ్యవంతులలో సైతం డి విటమిన్ లోపం, ఆహారంలో కాల్షియం కొరత విస్తృతంగా ఉన్నట్లు వెల్లడైంది.

అయితే లోపాన్ని సరిచేయుట వేరు, డి విటమిన్‌తో ఎం.ఎస్.ను నయం చేయుట వేరు. అప్పటికే మందు వాడుతున్న రోగులకు అధిక మోతాదు ఇచ్చిన అమెరికా ప్రయోగంలో అదనపు ప్రయోజనం లేదని 2023లో తేలింది. వ్యాధి తొలి దశలో ఉండి ఇంకా మందు ప్రారంభించనివారిపై ఫ్రాన్సులో జరిగిన ప్రయోగంలో మాత్రం వ్యాధి చురుకుదనం కొంత తగ్గినట్లు 2025లో ప్రకటించారు. చర్చ ఇంకా ముగియలేదు. మోతాదు మించినచో రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు హాని కలుగవచ్చును. కనుక రక్తపరీక్ష చేయించుకొని వైద్యుల సలహా మేరకే మాత్రలు వాడవలసి ఉంటుంది.

సంగటి మానవలసిన పని లేదు

ధాన్యాలు మానాలన్న సలహా విని సంగటిని వదలివేయుట ఈ ప్రాంత ప్రజలకు లాభం కన్న నష్టమే కలిగిస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియం, సుమారు 11 గ్రాముల పీచు ఉన్నాయి. పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని అదే సంస్థ 2020లో సిఫారసు చేసింది. నడక తగ్గినవారికి, మాటిమాటికీ స్టెరాయిడ్లు వాడవలసివచ్చినవారికి ఎముకలు బలహీనపడతాయి. తూలిపడే ప్రమాదం గల వ్యాధిలో ఎముకల బలం అత్యవసరం. రాగులలోని ఫైటేట్లు కాల్షియంను శరీరానికి పూర్తిగా అందనివ్వవు. రాగులను నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టించుట, అంబలిని పులియబెట్టుట వంటి పాత పద్ధతుల వల్ల ఈ దోషం తగ్గుతుంది.

ఉలవలు, అనుములు, కందిపప్పు, గ్రుడ్లు మాంసకృత్తులను ఇస్తాయి. మునగాకు, తోటకూర, నువ్వులు, పెరుగు కాల్షియంను సమకూరుస్తాయి. పాలు మానవలెననుటకుగాని, కొన్ని పథ్యపు జాబితాలు నిషేధించే టమాటాను వదలవలెననుటకుగాని తగిన రుజువు లేదు. నెయ్యి, డాల్డా, పదేపదే మరిగించిన నూనె, బేకరీ పదార్థాలు, తీపి పానీయాలు తగ్గించుట మంచిది. ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించరాదన్న సాధారణ నియమం వీరికీ వర్తిస్తుంది. అధిక బరువు, పొగ త్రాగుట వ్యాధిగ్రస్తులకు చేటు చేస్తాయి.

ఇంట్లో అందరూ తిన్న తరువాత మిగిలినది తినే అలవాటు మన స్త్రీలలో ఉన్నది. ఈ వ్యాధి స్త్రీలలోనే ఎక్కువ కావడం వల్ల ఆ అలవాటును కుటుంబ సభ్యులే మాన్పించవలసి ఉంటుంది.

మింగుటలో ఇబ్బంది ఉన్నప్పుడు

వ్యాధి ముదిరిన కొందరిలో గొంతు కండరాలు బలహీనపడి మింగుట కష్టమవుతుంది. సంగటి ముద్దను నమలకుండా మింగుట ఈ ప్రాంతపు ఆచారం. అట్టి రోగులకు ఇది ప్రమాదకరం. ముద్ద గొంతుకు అడ్డుపడవచ్చును, లేదా ఆహారం ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియాకు దారితీయవచ్చును. తినేటప్పుడు లేక నీరు త్రాగేటప్పుడు దగ్గు రావడం, గొంతు జీరబోవడం, భోజనానికి మామూలు కన్న ఎక్కువ సమయం పట్టడం, కారణం తెలియకుండా బరువు తగ్గడం హెచ్చరికలుగా భావించాలి.

ఇటువంటివారికి గట్టి సంగటికి బదులు చిక్కని రాగిజావ, మెత్తగా మెదిపిన పప్పన్నం సాధారణంగా సులువు. నీళ్ళవలె పలుచగా ఉన్న పదార్థాలే కొందరికి ఎక్కువ ఇబ్బంది కలిగిస్తాయి. ఎవరికి ఎంత చిక్కదనం తగునో మింగుడు పరీక్ష చేసిన నిపుణులు నిర్ణయిస్తారు. నిటారుగా కూర్చొని, చిన్న చిన్న ముద్దలుగా, మాట్లాడకుండా తినుట, భోజనానంతరం అరగంట వరకు పడుకొనకుండుట అవసరం.

నీరు, ఎండ, అలసట

మాటిమాటికీ మూత్రానికి వెళ్ళవలసివస్తుందన్న జంకుతో చాలామంది నీరు త్రాగుట తగ్గించివేస్తారు. మరుగుదొడ్డి దూరంగా ఉన్న ఇండ్లలో స్త్రీలు ఈ పని మరింతగా చేస్తారు. దీనివల్ల మలబద్ధకం, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. జ్వరం వచ్చినచో వ్యాధి లక్షణాలు కూడా ఉధృతమవుతాయి. నీటిని మానకుండా పగటిపూట కొద్దికొద్దిగా త్రాగి, పడుకొనే ముందు తగ్గించుట సరైన పద్ధతి. కాఫీ, టీలు మూత్రపు తొందరను పెంచుతాయి కనుక తగ్గించాలి. ఇంటికి చేరువలో మరుగుదొడ్డి కల్పించుట ఈ విషయంలో ఆహార సలహాతో సమానమైన సహాయం.

శరీర ఉష్ణోగ్రత పెరిగినప్పుడు చూపు, నడక తాత్కాలికంగా మందగించుటను జర్మను వైద్యుడు విల్హెల్మ్ ఊట్‌హోఫ్ 1890లో గుర్తించారు. వేసవిలో చల్లని మజ్జిగ, కుండనీరు ఉపశమనం ఇస్తాయి. పొయ్యి వద్ద ఎక్కువసేపు నిలబడుట తగదు. ఉదయం చల్లని వేళలో వంట ముగించుట, కూరగాయలు కూర్చొని తరుగుట, సంగటి కెలికే శ్రమను ఇతరులు పంచుకొనుట వల్ల అలసట తగ్గుతుంది. ఒకేసారి కడుపునిండా తినుట కన్న కొద్దికొద్దిగా పలుమార్లు తినుట కొందరికి హాయినిస్తుంది.

మందులు, ఆహారం

వ్యాధి ఉధృతమైనప్పుడు కొన్ని రోజుల పాటు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల రక్తంలో చక్కెర పెరుగుతుంది. మధుమేహం ఉన్నవారు ఆ దినాలలో ప్రత్యేక జాగ్రత్త వహించాలి. డైమిథైల్ ఫ్యూమరేట్ గుళికలను భోజనంతో తీసుకున్నచో ముఖం ఎర్రబారి వేడెక్కుట తగ్గుతుంది. రక్షణ శక్తిని అణచే మందులు వాడేవారు పచ్చిపాలు, సరిగా ఉడకని మాంసం, నిల్వ ఉన్న ఆహారం తీసుకొనరాదు. రోగనిరోధక శక్తిని పెంచునని అమ్మే పొడులు, లేహ్యాలు ఈ వ్యాధిలో అక్కరకు రాకపోగా మందుల పనికి అడ్డు తగులవచ్చును. వాటి విషయం వైద్యులకు దాచకుండా చెప్పాలి. వ్యాధిని అదుపులో ఉంచే మందులను ఏ పథ్యం కోసమూ స్వయంగా మానరాదు.

అధికారులు, పాత్రికేయుల పాత్ర

2016 సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మల్టిపుల్ స్క్లెరోసిస్ చేరి ఉన్నది. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. అలసట, చూపు మందగించుట, మూత్ర సమస్యలు పైకి కనిపించవు. చూపులకు ఆరోగ్యంగా ఉన్నారన్న కారణంతో దరఖాస్తుదారుని తిప్పి పంపకుండా వైద్య నిర్ధారణకు పంపుట అధికారుల విధి. రాష్ట్రంలో అర్హులైన దివ్యాంగుల పింఛను 2024 జూలైలో నెలకు 6,000 రూపాయలకు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలకు పెరిగినది. ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు తమ పరిధిలోని రోగి బరువు, మింగుటలో ఇబ్బంది, మందుల కొనసాగింపు అను మూడింటిని గమనించుచున్నచో చాలా ప్రమాదాలు ముందుగానే తెలియగలవు.

కుప్పంలోని పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి ఈ ప్రాంతానికి చేరువలో ఉన్నది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ, వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల, బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థలలో నరాల వైద్య నిపుణులు ఉన్నారు. 1985లో ప్రారంభమైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా రోగులకు, కుటుంబాలకు సలహా సహకారాలు అందిస్తున్నది.

పక్షవాతం, మెదడు రుగ్మతలు మొదలైనవాటిని నయం చేయుదుమన్న ప్రకటనలను 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం నిషేధించింది. అట్టి ప్రకటనలకు వార్తా రూపంలో చోటు కల్పించకుండుట పాత్రికేయుల సామాజిక బాధ్యత. ఏటా మే 30న జరిగే ప్రపంచ ఎం.ఎస్. దినోత్సవం ప్రజలకు సరైన సమాచారం అందించుటకు తగిన సందర్భం. ఇంటి పంటతో వండిన సమతులాహారం రోగికి బలాన్నిస్తుంది. క్రమం తప్పని మందు వ్యాధిని అదుపులో ఉంచుతుంది. ఈ రెండూ కలిసి సాగినప్పుడే రోగి తన కాళ్ళపై తాను ఎక్కువ కాలం నిలబడగలుగుతారన్న విషయాన్ని ప్రతి కుటుంబానికీ చేరవేయవలసి ఉన్నది.