ల్యాప్‌టాప్‌కు కరెంటు ఎక్కడ ఆగింది?

వేటపాలేనికి సముద్రం దగ్గర. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తొందరగా తుప్పుపడతాయి, రాగి తీగలు చిలుము పడతాయి. ఆ గాలి ల్యాప్‌టాప్‌నూ వదలదు. కొన్నేళ్లు వాడాక అది ఒకరోజు చార్జింగ్ ఎక్కుతుంది, మర్నాడు ఎక్కదు. పిన్ను కాస్త పక్కకు వంచితే లైటు వెలుగుతుంది, చెయ్యి తీస్తే ఆరిపోతుంది. దాని పని అయిపోయిందని పాతసామాన్ల వాళ్లకు ఇచ్చేయకండి. చాలాసార్లు చెడేది యంత్రం కాదు, దానికి కరెంటు అందే దారి.

ఆ దారి ఎలా మారుతూ వచ్చిందో ముందు చూద్దాం. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్-1 కంప్యూటర్‌ను చేత్తో మోసుకెళ్లవచ్చు గానీ దాని బరువు దాదాపు 11 కిలోలు, లోపల బ్యాటరీ లేదు. ప్లగ్గు ఉన్నచోటే దాని బతుకు. శాస్త్రవేత్త గుడెనఫ్ బృందం 1980లో చూపిన లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌తో మరో శాస్త్రవేత్త యొషినో 1985లో లిథియం-అయాన్ బ్యాటరీ నమూనా తయారుచేశారు. 1991లో సోనీ ఆ రకం బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ఈ ఇద్దరితోపాటు విటింగ్‌హామ్‌కూ 2019లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. ల్యాప్‌టాప్ తేలికపడి, గంటల తరబడి పనిచేయడంలో ఆ బ్యాటరీ పాత్ర పెద్దది.

ఆ బ్యాటరీకీ ముసలితనం ఉంది. చార్జి చేసిన ప్రతిసారీ కొంత లిథియం లోపలి గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ మీది పొరలో చిక్కుకుని పనికిరాకుండా పోతుంది. ఎండాకాలపు వేడి దీన్ని ఇంకా తొందరపెడుతుంది. సెల్లు మరీ అడుగంటితే రక్షణ సర్క్యూట్ చార్జింగ్‌ను ఆపేస్తుంది.

అయితే ముందు అనుమానించవలసింది అడాప్టర్ పిన్ను దూర్చే జాక్‌ను. పిన్ను లాగీ పెట్టీ, వేడికి సాగీ చల్లారీ, జాక్ కింది టంకం సన్నగా పగులుతుంది. ఆ పగులు ఒకసారి తాకుతుంది, ఒకసారి విడిపోతుంది. అందుకే ఆ దోబూచులాట. 65 వాట్ల అడాప్టర్ 19 వోల్టుల దగ్గర సుమారు 3.4 ఆంపియర్లు ఇస్తుంది. చిలుము వల్ల అర ఓమ్ నిరోధం చేరినా దాదాపు 6 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. పిన్ను ముట్టుకుంటే చురుక్కుమనడం దాని గుర్తే.

వెతకడానికీ ఒక వరస ఉంది. ల్యాప్‌టాప్ ఆపి, అడాప్టర్ తీసి, బ్యాటరీ ఊడేరకమైతే అదీ తీసి, పవర్ బటన్ అరనిమిషం నొక్కిపట్టండి. లోపల మిగిలిన చార్జి పోతుంది. తర్వాత అడాప్టర్ ఒక్కటే పెట్టి చూడండి. నడిస్తే అనుమానం బ్యాటరీ మీద. బ్యాటరీతో మాత్రమే నడిస్తే అడాప్టర్ మీద, జాక్ మీద. అదే వోల్టేజి, అదే పిన్ను, సరిపడా వాట్లు ఉన్న మరో అడాప్టర్‌తో ఆ రెండింటిలో ఏదో తేలుతుంది. బ్యాటరీ ఉబ్బితే మాత్రం వెంటనే వాడకం ఆపి రిపేరు చేసేవారికి అప్పగించండి. దాన్ని గుచ్చకూడదు, నొక్కకూడదు.

పోగు తెగితే నేతగాడు మగ్గాన్ని పారెయ్యడు, తెగినచోటు వెతికి అతుకుతాడు. మగ్గాల ఊరైన వేటపాలేనికి ఈ ఓర్పు కొత్తగా నేర్పక్కర్లేదు. 1918లో ఇక్కడ మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు చూసి రాసుకునే పరిశోధకుడికైనా, ఇంట్లో పాఠాలు చదువుకునే పిల్లకైనా పాత ల్యాప్‌టాప్ చాలు. కొత్తది కొనేముందు జాక్‌కు టంకం పెట్టించి చూడండి.