సంపులోకి దిగే ముందర

ఎండలు ముదిరినాయంటే మన మత్తిగిరిలో ఇంటింటా సంపు కడిగే పని మొదలవుతుంది. నీళ్లు అడుక్కి పోయినప్పుడే కదా బురద తీసేది, ఫుట్ వాల్వు మార్చేది. నేను మిల్లులో దారం కాడ ముప్పై ఏండ్లు నిలబడినోణ్ణి, ప్లంబరు పని నాది కాదు. అయినా రాస్తా ఉండాను, ఏలంటే ఒక తూరి సంపు నిచ్చెన మీద నేనూ కాలు పెట్టినా.

మార్చి 4 అంటే మిల్లోళ్లకందరికీ తెలుసు, భద్రతా దినం. ఆ పొద్దు జెండా ఎత్తి, ప్రమాణం చెప్పించి, ఏదో ఒక పని చేసి చూపిస్తారు. ఒక ఏడు సంపులో వాల్వు మార్చేది చూపిస్తామన్నారు. ముందు రోజే నీళ్లు తోడేసి, మళ్లా మూత వేసి పెట్టినారు.

మా ఫిట్టరన్న ఎప్పుడు దిగినా మోకు కట్టుకోకుండా దిగడు. ఆ పొద్దు చుట్టూ జనం. "చూపించేదానికే కదన్నా, రెండు నిమిషాలు" అన్నాడు మేస్త్రీ. అన్న మోకు పక్కన పెట్టి దిగినాడు. మాతో మాట్లాడతానే, మాట మధ్యలో కూలిపోయినాడు. కరెంటు కొట్టిందనుకొని హెల్పరు పిల్లోడు దూకినాడు. వాడూ లేవలేదు. మూడోవాణ్ణి నేను. రెండు మెట్లు దిగేసరికి ముసలి వాచ్‌మేను నా చొక్కా కాలరు పట్టి వెనక్కి ఈడ్చినాడు. అప్పుడు ఆయన్ని బండబూతులు తిట్టినా.

బ్లోవరు పెట్టి లోపలికి గాలి కొట్టినారు. ఫైరోళ్లు మాస్కులు వేసుకొని దిగి ఇద్దర్నీ తీసినారు. అన్న బతికినాడు. పిల్లోడు బతకలేదు.

లోపల కరెంటు లేదు, విషం పోసినోళ్లూ లేరు. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు. మూసిన సంపులో తుప్పు పట్టే ఇనుము, కుళ్లే బురద దాన్ని తినేస్తాయి. అది 10 పాళ్ల కన్నా తగ్గితే మనిషికి అరిచే టైము కూడా ఉండదు. సెప్టిక్ ట్యాంకు ఇంకా చెడ్డది. అందులో గ్యాసుకి కుళ్లిన కోడిగుడ్డు వాసన. గ్యాసు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలీదు. వాసన పోయింది, ఇంక దిగొచ్చు అనుకునేది అందుకే మోసం. దీపం దించి చూసే పాత అలవాటూ వద్దు. అంటుకునే గ్యాసు ఉంటే పేలుతుంది, విషగ్యాసుని దీపం చెప్పదు.

మన పక్కనే, పలమనేరు కాడ మొరంలో, 2018 ఫిబ్రవరిలో కోళ్ల హేచరీ ట్యాంకు కడగబోయి ఆ పొద్దే ఏడుగురు పోయినారు. ముందు దిగినోళ్ల కోసం వెనకోళ్లు దిగినారు. 2017 మార్చిలో మొగల్తూరు రొయ్యల ఫ్యాక్టరీలో ఐదుగురు. పేపర్లో చదివినప్పుడల్లా నా కాలరు నేనే తడుముకుంటా.

ఇంట్లో సంపు అయితే మూతలన్నీ తీసేసి చాలా సేపు వదిలేయండి. పని అయ్యేదాకా బ్లోవరుతో గాలి కొడతానే ఉండాల. మోటారు ఫ్యూజు పీకి దిగేవాడి జేబులోనే పెట్టుకోనీ. స్విచ్చి ఆపినాం అంటే చాలదు, ఇంకెవరో వచ్చి వేస్తారు. డీజిలు ఇంజను లోపలికి దించొద్దు, దాని పొగ చంపుతుంది. పైపుల గమ్ము పూసేటప్పుడు బీడీ వద్దు. మోకు చంకల కింద కట్టి, పైన ఇద్దరు పట్టుకోవాల. ఆ ఇద్దరూ ఫోను వచ్చినా కదలకూడదు. లోపలోడు పలక్కపోతే మోకు లాగండి, 108కో 101కో కొట్టండి, దిగొద్దు. కన్నకొడుకే లోపల ఉన్నా దిగొద్దు. రాసేదానికే కష్టంగా ఉండాది ఈ మాట.

సెప్టిక్ ట్యాంకుకి మనిషే వద్దు, లారీని పిలవండి. 14420 నంబరుకి చెప్పొచ్చు. రక్షణ సామాను లేకుండా మనిషిని దించితే 2013 చట్టం ప్రకారం నేరం. అట్ల చచ్చిపోయినోళ్ల ఇంటికి 30 లచ్చలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

పోయిన నెల మా వీధిలో ఐటిఐ చదివే పిల్లోడు స్నేహితుల్ని పిలుచుకొచ్చి, "తాతా, మీ సంపులో వాల్వు మార్చేది వీళ్లకి చూపిస్తా" అన్నాడు. సంపు మూత తీయనీలేదు. పాత వాల్వు, మూరెడు పైపు తెచ్చి వాకిట్లో బండ మీద పెట్టి చూపించమన్నా. మొగం మాడ్చుకొన్నాడు. మా ఆవిడ అందరికీ మజ్జిగ ఇచ్చింది.