సంస్థాగత రిపాజిటరీలు: అధ్యాపకుల భాగస్వామ్యం – గ్రంథపాలకుల పాత్ర

పరిశోధనా ఫలితం పత్రికలో ప్రచురితమైనంత మాత్రాన అవసరమైన వారందరికీ చేరుతుందని చెప్పలేము. చందా చెల్లించలేని కళాశాల విద్యార్థికి, మారుమూల పరిశోధనా స్థానంలో పనిచేసే శాస్త్రవేత్తకు ఆ వ్యాసం అందకపోవచ్చు. రచయిత పదవీ విరమణ చేసిన తరువాత మూలప్రతి కూడా లభించకపోవచ్చు. ఒక సంస్థలో వెలువడిన వ్యాసాలను, సిద్ధాంత గ్రంథాలను, నివేదికలను డిజిటల్ రూపంలో ఒకేచోట భద్రపరచి, పాఠకులకు ఉచితంగా అందించే సంస్థాగత రిపాజిటరీ ఈ లోటును తీరుస్తుంది.

భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013లో ఓపెన్ యాక్సెస్ విధానాన్ని ప్రకటించింది. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ కేంద్రంగా నడుస్తున్న 'కృషికోశ్'లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంతో సహా పలు విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు లభిస్తున్నాయి. సిద్ధాంత గ్రంథాన్ని విద్యార్థి పట్టా కోసం సంస్థకు సమర్పించి తీరాలి. కనుక దానిని సేకరించడం సులభం. వ్యాసం విషయం వేరు. దాని తుది ప్రతి రచయిత వద్దనే ఉంటుంది. ఆయన స్వయంగా ఇస్తేనే అది రిపాజిటరీకి చేరుతుంది.

అధ్యాపకులు ఎందుకు ఇవ్వరన్న ప్రశ్నపై అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో నాన్సీ ఫ్రైడ్ ఫోస్టర్, సుసాన్ గిబ్బన్స్ జరిపిన అధ్యయనం 2005లో వెలువడింది. మానవశాస్త్ర పద్ధతిలో అధ్యాపకులు పనిచేసే తీరును పరిశీలించినప్పుడు, లోపం వారి సుముఖతలో కన్నా గ్రంథాలయం మాట్లాడే భాషలో ఉన్నదని తేలింది. 'సంస్థాగత రిపాజిటరీ', 'మెటాడేటా' వంటి మాటలు సంస్థ అవసరాన్ని సూచిస్తాయే గాని పరిశోధకుని అవసరాన్ని కాదు. తన రచన తన రంగంలోని వారికి కనబడాలని, ప్రతులు భద్రంగా ఉండాలని, అదనపు శ్రమ పడరాదని అధ్యాపకుడు కోరుకుంటాడు.

కావున గ్రంథపాలకులు సర్క్యులర్లతో సరిపెట్టుకొనక, విభాగాలకు స్వయంగా వెళ్లి ఆయా అధ్యాపకుల అవసరాల నుండే సంభాషణ ప్రారంభించాలి. వారికి ప్రధానంగా వివరించవలసినది ప్రతుల మధ్య గల భేదం. పత్రికకు పంపిన తొలి ప్రతి, సమీక్ష అనంతరం ఆమోదం పొందిన ప్రతి, ప్రచురణకర్త రూపొందించిన ముద్రిత ప్రతి అని వ్యాసానికి మూడు దశలుంటాయి. ముద్రిత ప్రతిని రిపాజిటరీలో ఉంచడానికి సమ్మతించని ప్రచురణకర్తలలో పలువురు, ఆమోదిత ప్రతిని నిర్ణీత గడువు తరువాత ఉంచడానికి అనుమతిస్తారు. ఈ నిబంధనలను 'ఓపెన్ పాలసీ ఫైండర్' (పూర్వపు 'షెర్పా రోమియో') సేవ ద్వారా పత్రికల వారీగా పరిశీలించే బాధ్యతను గ్రంథాలయమే స్వీకరిస్తే, కాపీరైట్ విషయంలో అధ్యాపకులకు గల జంకు తొలగుతుంది.

ఆమోదిత ప్రతిని సేకరించడానికి అనువైన సమయం వ్యాసం ఆమోదం పొందిన రోజే. ఆలస్యమైన కొద్దీ సవరణల మధ్య సరైన ప్రతిని గుర్తించడం కష్టమవుతుంది. పేటెంటు దరఖాస్తుకు సంబంధించిన సమాచారాన్ని మాత్రం తగిన అనుమతి లభించేవరకు బహిర్గతం చేయరాదు.

నమోదు, వర్గీకరణ, అనుమతుల పరిశీలన గ్రంథాలయం చూసుకొని, అధ్యాపకుడు ఆమోదిత ప్రతిని ఈ-మెయిలులో పంపితే చాలునన్న ఏర్పాటు ఉన్నప్పుడు రిపాజిటరీ అదనపు భారంగా తోచదు. ఒక ప్రాంతపు నేలపై, పంటపై ఏళ్ల తరబడి సాగిన కృషి తరువాతి పరిశోధకునికి అందడం ఈ చిన్న ఏర్పాటుపైననే ఆధారపడి ఉన్నది.