తాతయ్య సీసాలో ఏ నీళ్లు పోయాలి?



ఆ మధ్య మా ఉక్కునగరంలో తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె నన్ను ఇలా అడిగింది.

"మాస్టారూ! మా తాతయ్య మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం పెట్టారు. దానికున్న సీసాలో నీళ్లు పోయాలట. నాన్నగారు ఫిల్టరు నీళ్లు చాలంటున్నారు. నాన్నమ్మ కాచి చల్లార్చిన నీళ్లు పొయ్యమంటోంది. పక్కింటి మామయ్యగారు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి ఇచ్చారు. ఎవరి మాట సరైనదండీ?"

ఎంత మంచి ప్రశ్నో చూశారా! ముగ్గురూ చెప్పినవి మంచినీళ్లే. కాని 'మంచి' అంటే ఏమిటి?

అసలు ఆ సీసా ఎందుకు?

మనం పీల్చిన గాలి ఊపిరితిత్తుల లోపలికి చేరేసరికి 37 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడెక్కి, తేమతో నిండిపోతుంది. అప్పుడు లీటరు గాలిలో 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అంటే సుమారు ఒక నీటిచుక్క అన్నమాట!

యంత్రం నుండి వచ్చే ఆక్సిజన్ అయితే పొడిగా ఉంటుంది. మన విశాఖ ఉక్కు కర్మాగారం సంగతే చూడండి. 2021 ఏప్రిల్ 22న దేశంలోని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ఇక్కడే ద్రవ ఆక్సిజన్ నింపుకొని మహారాష్ట్రకు బయలుదేరింది. ఆక్సిజన్ ద్రవంగా మారేది సుమారు మైనస్ 183 డిగ్రీల వద్ద. అంత చలిలో నీటి ఆవిరి మంచుగా గట్టిపడి గొట్టాలను మూసివేస్తుంది. అందుచేత గాలిలోని తేమను ముందే తీసివేస్తారు. ఇళ్లలో వాడే చిన్న యంత్రంలో జియొలైట్ గుళికలు గాలిలోని నత్రజనితోపాటు తేమను కూడా పట్టివేస్తాయి.

ఈ పొడి వాయువు గంటల తరబడి తగిలితే ముక్కు, గొంతు ఎండిపోతాయి. అందుకే దానిని సీసాలోని నీటి గుండా బుడగలుగా పంపి తేమ కలుపుతారు.

చేసి చూడండి

శుభ్రమైన గాజుపలక మీద కుళాయి నీరు, బోరు నీరు, స్వేదన జలం ఒక్కొక్క చుక్క వేరువేరుగా వేసి ఎండలో పెట్టండి. నీరు ఆరిపోయాక బోరు నీటి చోట తెల్లని మచ్చ ఉంటుంది. కుళాయి నీటి చోట సాధారణంగా ఇంకా పలుచని మచ్చ ఉంటుంది. స్వేదన జలం చోట దాదాపు ఏమీ ఉండదు.

ఆ మచ్చలు కాల్షియం, మెగ్నీషియం వంటి లోహాల లవణాలు. నీరు ఆవిరై పోతుంది గాని లవణాలు పోవు. అవే సీసాలో పొలుసు కడతాయి.

అయితే ఈ ప్రయోగం ఒక శత్రువునే చూపుతుంది. రెండవది కంటికి కనిపించదు. సూడోమోనాస్, లీజియోనెల్లా వంటి బాక్టీరియాలు తడి పాత్రలలో పెరుగుతాయి. బుడగలు పగిలినప్పుడు లేచే సన్నని తుంపరలతో అవి ఊపిరితిత్తులలోకి చేరవచ్చు. త్రాగిన నీటిలోని క్రిములను చాలావరకు కడుపులోని ఆమ్లం చంపుతుంది. ఊపిరితిత్తులలో అటువంటి ఆమ్లం లేదు. జబ్బుమనిషికి రోగనిరోధక శక్తి కూడా తక్కువ.

ఇప్పుడు తీర్పు చెప్పండి

ఫిల్టరు నీరు: ఆర్.ఓ. పొర చాలా లవణాలను ఆపుతుంది. కాని తొట్టిలోను, కుళాయి మూతి వద్దను క్రిములు చేరవచ్చు.

కాచిన నీరు: నిమిషం సేపు తెర్లితే సాధారణ రోగక్రిములు చస్తాయి. లవణాలు మాత్రం ఉండిపోతాయి.

బ్యాటరీ నీరు: లవణాలు లేవు. కాని అది క్రిములు లేకుండా మనుషుల కోసం తయారు చేసినది కాదు. పైగా బ్యాటరీ ఆమ్లం సీసా కూడా చూడటానికి అలాగే ఉండవచ్చు. ఎంత ప్రమాదమో ఆలోచించండి!

కనుక ముగ్గురి మాటా సగమే సరైనది. కావలసిన నీటిలో లవణాలూ ఉండకూడదు, క్రిములూ ఉండకూడదు. మందుల దుకాణంలో దొరికే, సీలు వేసిన, సూక్ష్మజీవరహితమైన స్వేదన జలం అటువంటిది. 2021లో మ్యూకర్‌మైకోసిస్ జబ్బు ప్రబలింది. అందుకు ముఖ్య కారణాలు అదుపులో లేని మధుమేహం, స్టెరాయిడ్ మందుల అతివాడకం. అయినా భారత వైద్య పరిశోధన మండలి చెప్పిన జాగ్రత్తలలో తేమ సీసాకు శుభ్రమైన, క్రిములు లేని నీటినే వాడాలన్నది కూడా ఒకటి.

నీరు ఒక్కటే మంచిదైతే చాలదు. ప్రతిరోజూ మిగిలిన నీటిని పారబోయాలి. పాత నీటిపై కొత్త నీరు పోయకూడదు. సీసాను సబ్బు నీటితో కడిగి, మంచి నీటితో తొలిచి, ఆరబెట్టాలి. ఏ రోగికి తేమ సీసా అవసరమో నిర్ణయించవలసినది డాక్టరుగారే.

ఇదంతా విని ఆ అమ్మాయి బ్యాటరీ నీళ్ల సీసాను పక్కింటివారికి తిరిగి ఇచ్చివేసింది. తాతయ్య సీసా కడిగే పని తానే తీసుకున్నది.

ఇక మీకొక ప్రశ్న. మన విశాఖ సముద్రపు నీరు ఆవిరై, మేఘమై, వానగా కురుస్తుంది. ప్రకృతి తయారు చేసిన స్వేదన జలమే కదా! మరి తాతయ్య సీసాలో వాన నీరు పోయవచ్చునా? రెండు శత్రువులనూ గుర్తు పెట్టుకొని జవాబు చెప్పండి.