తీరప్రాంతపు రైతులు – వడదెబ్బ

మన చల్లపల్లి, దివిసీమ ప్రాంతములు సముద్రమునకు చేరువ నున్నవి గాన, రాయలసీమలో వలె వడదెబ్బ భయము లేదని పలువురు ధైర్యపడుచుందురు. ఈ ధైర్యము సరికాదు. చెమట ఆరినప్పుడే దేహము చల్లబడును. సముద్రపు గాలిలో తేమ హెచ్చుగా నుండుటచే చెమట కారునే గాని త్వరగా ఆరదు. వేడిమి దేహమునందే నిలిచిపోవును. వడగాడ్పును నిర్ణయించుటలో వాతావరణ శాఖవారు మైదానములకు 40 డిగ్రీలను, తీరప్రాంతములకు 37 డిగ్రీలనే కనీసపు హద్దుగా నుంచినారు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా వడగాడ్పులకు మరణించిరి.

కావున కాలువ పూడిక, గట్ల పని, చెఱకు తోటల పని ఉదయము 10 గంటలలోపున ముగించి, మిగిలినది సాయంకాలము 4 గంటలు దాటిన పిదప చేయింపవలెను. వేళ మార్చినందుకు కూలి తగ్గింపరాదు. తగ్గించినచో కూలివాడు విధిలేక మిట్టమధ్యాహ్నపు పనికే పోవును. క్రొత్తగా ఎండపనికి వచ్చినవారికి దేహము అలవడుటకు ఒకటి రెండు వారములు పట్టును. అంతవరకు తేలిక పని నొప్పగింపవలెను. దాహము కాకమునుపే నీరు, ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చుచుండవలెను.

తలనొప్పి, వాంతి, పిక్కలు పట్టుట మొదటి గుర్తులు. మాట తడబడినను, తెలివి తప్పినను ప్రాణాపాయమే. చెమట పట్టుచున్నది గదా యని ఉపేక్షింపరాదు. వెంటనే నీడకు చేర్చి, 108కి తెలిపి, వాహనము వచ్చులోపల ఒడలంతయు చన్నీటితో తడుపుచు విసరవలెను. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును.

ప్రతి సభ్యుడును పొలముగట్టున నీడయు, నీరును ఏర్పరచిన పిదపనే కూలీలను పిలువవలెనని మేము కోరుచున్నాము.